కెమెరా పోయినా బొమ్మ మిగలాలి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి, మణుగూరు సబ్‌డివిజన్ పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

కదలికను పసిగట్టి దానంతటదే మేలుకొనే ఇంటి కెమెరా తీసిన బొమ్మను తన ఒంట్లోనే దాచుకుంటుంది. మణుగూరు షాపుల్లో ‘చిప్పు’ అని అడిగే మెమరీ కార్డే దాని ఖజానా. ఇంట్లో దూరినవాడు కెమెరాను పీకి సంచిలో వేసుకుంటే వాడి బొమ్మ కూడా వాడి వెంటే పోతుంది. నాలుగైదు కెమెరాలను డీవీఆర్ పెట్టెకు కలిపి పెట్టుకున్న దుకాణాల సంగతీ అంతకంటే మెరుగేమీ కాదు. తాళాలు పగలగొట్టి, నగదు, బంగారంతో పాటు డీవీఆర్‌నూ ఎత్తుకెళ్లారన్న వాక్యం తెలుగు పత్రికల జిల్లా పేజీలకు కొత్తది కాదు. సాక్ష్యాన్ని దొంగ చేతికి అందే చోటే వదలడం ఈ పద్ధతిలోని అసలు లోపం. ఆ లోపాన్ని దిద్దడానికి వాడి చూసిన ఉపాయాల్లో వైర్‌లెస్ మెమరీ కార్డు ఒకటి. ఆ కార్డు కాలం దాదాపు తీరిపోయింది. అది నేర్పిన పాఠం మాత్రం సీసీ కెమెరాలు పెట్టుకోమని ఊరూరా చెబుతున్న పోలీసు శాఖకు ఇప్పుడే ఎక్కువ అవసరం.

పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు కలిసి 1999లో తెచ్చిన ఎస్‌డీ కార్డు వెడల్పు 24 మిల్లీమీటర్లు, పొడవు 32 మిల్లీమీటర్లు. అంత జాగాలోనే మెమరీతో పాటు ఒక వైఫై రేడియోను, దాన్ని నడిపే ప్రాసెసర్‌ను, సన్నటి యాంటెనాను ఇమిడ్చి ఐ-ఫై అనే అమెరికా కంపెనీ 2007లో తన మొదటి కార్డును అమ్మకానికి పెట్టింది. అందులో పట్టేది 2 జీబీ, ధర దాదాపు వంద డాలర్లు. 2012లో తోషిబా ఫ్లాష్‌ఎయిర్ పేరుతో అదే బాట పట్టింది. ట్రాన్సెండ్, పీక్యూఐ కంపెనీలూ తమ కార్డులు తెచ్చాయి. ట్రాన్సెండ్ కార్డు లోపల చిన్న లైనక్స్ వ్యవస్థ నడుస్తోందని 2013లో కొందరు కనిపెట్టాక, ఆ కార్డుకు కొత్త పనులు నేర్పడం ఔత్సాహికులకు సరదా అయింది. ఎస్‌డీ కార్డుల ప్రమాణాలు నిర్ణయించే సంఘం కూడా 2012లో వైర్‌లెస్ కార్డులకు ఒక ప్రమాణాన్ని ప్రకటించింది.

ఈ కార్డు కెమెరాకు మామూలు చిప్పులాగే కనిపిస్తుంది. కెమెరా ఫొటో తీసి ఫైలు రాస్తుంది, అంతటితో తన పని అయిపోయిందనుకుంటుంది. కార్డులోని ప్రాసెసర్ మాత్రం కొత్త ఫైలు పడిందని గమనించి, ఇంటి రౌటర్‌ను వెతికి, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లి, ఆ ఫైలును వేరే గదిలోని కంప్యూటర్‌కో, ఇంటర్నెట్‌లోని సర్వర్‌కో పంపుతుంది. ఐ-ఫై ప్రధానంగా నడిచింది ఈ పద్ధతిలోనే. ఫ్లాష్‌ఎయిర్ మామూలుగా తానే ఒక చిన్న వైఫై కేంద్రంగా మారుతుంది, దగ్గరికి వచ్చిన ఫోన్ దానికి కలిసి ఫొటోలు దించుకుంటుంది. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కు రెండో పద్ధతి హాయి. ఇంటి కాపలాకు మాత్రం మొదటిదే కావాలి, ఎందుకంటే దొంగ వచ్చిన వేళకు ఫోన్ పట్టుకుని కెమెరా పక్కన నిలబడేవారు ఎవరూ ఉండరు. 

కదలిక కెమెరాలో ఈ కార్డు పెడితే ఎదురయ్యే మొదటి ఇబ్బంది కరెంటు. ఎస్‌డీ కార్డుకు సొంత బ్యాటరీ లేదు. కెమెరా మేలుకుని ఉన్నంతసేపే దానికి విద్యుత్తు అందుతుంది. బ్యాటరీతో నడిచే కదలిక కెమెరా రోజంతా నిద్రలోనే ఉంటుంది, ఎవరో కదిలితే సెకనులోపు లేచి, బొమ్మ తీసి, కొద్ది సెకన్లకే మళ్లీ పడుకుంటుంది. సెల్స్ నెలల తరబడి రావడానికి కారణం ఆ నిద్రే. వైఫై కార్డుకు రౌటర్‌ను పట్టుకోవడానికే ఐదు, పది సెకన్లు కావాలి, ఆ తర్వాతే ఫొటో పంపడం మొదలవుతుంది. ఈలోపు కెమెరా కళ్లు మూసుకుంటే పంపకం మధ్యలోనే తెగిపోతుంది. అందుకే కొన్ని పెద్ద కంపెనీల ఫొటో కెమెరాల మెనూలో ఐ-ఫై కార్డు ఉంటే వెంటనే ఆఫ్ కాకుండా ఆగే ఏర్పాటు పెట్టారు. చెట్టుకు కట్టే, గుమ్మానికి బిగించే చవక కదలిక కెమెరాల్లో ఆ ఏర్పాటు ఉండేది కాదు.

పోనీ కెమెరాను మేలుకునే ఉంచుదామంటే సెల్స్ ఆగవు. ఏఏ సైజు ఆల్కలైన్ సెల్ సామర్థ్యం సుమారు 2,000 నుంచి 2,500 మిల్లీయాంపియర్ అవర్లు. నాలుగు సెల్స్ వరసగా కలిపితే వోల్టేజీ పెరుగుతుంది గాని ఈ అంకె పెరగదు. వైఫై రేడియో నడుస్తూ కార్డు 100 మిల్లీయాంపియర్ల చొప్పున తాగుతుంటే ఒకటి రెండు రోజుల్లో సెల్స్ ఖాళీ. అంటే వైర్‌లెస్ కార్డు పెట్టుకున్న కెమెరాకు చివరికి గోడలోంచి అడాప్టర్ వైరు లాగవలసిందే. పేరులో వైర్‌లెస్ ఉన్నంత మాత్రాన వైరు తప్పలేదు.

రెండో ఇబ్బంది దూరం. కార్డులోని యాంటెనా కొన్ని మిల్లీమీటర్ల ముక్క. అది కెమెరా లోపలి లోహపు గూట్లో, దానిపై ప్లాస్టిక్ మూతలో, కొన్నిసార్లు దొంగలు పీకకుండా బిగించిన ఇనుప పెట్టెలో దాగి ఉంటుంది. ఇనుప పెట్టె దొంగనెంత అడ్డుకుంటుందో గాని రేడియో తరంగాలను గట్టిగా అడ్డుకుంటుంది. పైగా ఇవి వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు తడి ఆకులు, మందపు గోడలు, రేకులు పడవు. సింగరేణి బొగ్గు సంస్థ క్వార్టర్ ముందు గదిలో రౌటర్, పెరటి ప్రహరీ మీద కెమెరా అంటే నడుమ రెండు గోడలు, ఒక ఇనుప తలుపు ఉన్నట్టే. గోదావరి వైపు పల్లెల్లో పెరట్లో మామిడి, కొబ్బరి చెట్లు దట్టంగా ఉన్న ఇళ్లకు వానాకాలం ఇంకో పరీక్ష.

మూడోది పైకి కనిపించదు. ఒకే కార్డును ఒకవైపు కెమెరా రాస్తుంటే, మరోవైపు వైఫై గుండా ఇంకొకరు చదువుతుంటారు. చదవడంతో ఆగితే ఫరవాలేదు. వైఫై వైపు నుంచి ఫైలు చెరిపినా, రాసినా కెమెరాకు ఆ సంగతి తెలియదు, తన జ్ఞాపకంలో ఉన్న పాత జాబితానే మళ్లీ కార్డు మీద రాసేస్తుంది. దాంతో జాబితా చెడి, ఉన్న ఫొటోలు కూడా తెరుచుకోవు. అసలే ఇంటి కెమెరా కార్డు రోజంతా రాతలు, చెరుపులు మోసేది. దానికి ఈ అదనపు ప్రమాదం తగిలించడం తెలివైన పని కాదు.

వీటన్నిటినీ ఓర్చుకున్నవారికి చివరి దెబ్బ కంపెనీల నుంచి వచ్చింది. ఐ-ఫై ఎక్స్2 తరం కార్డులకు 2016 సెప్టెంబర్ 16తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. ఆ కార్డుల అమరికకు కంపెనీ సర్వరే ఆధారం కాబట్టి, బాగా పనిచేస్తున్న కార్డు కూడా సర్వర్ ఆగగానే కొత్త చోట అమర్చడానికి వీల్లేని మామూలు చిప్పుగా మిగిలిపోయే ప్రమాదంలో పడింది. తోషిబా మెమరీ వ్యాపారం 2019 అక్టోబర్‌లో కియాక్సియాగా పేరు మార్చుకుంది, ఫ్లాష్‌ఎయిర్ కూడా మార్కెట్ నుంచి తప్పుకుంది. వీటన్నిటికీ మించిన చిన్న సంగతి ఒకటుంది. నేటి ఇంటి కెమెరాల్లో పట్టేది మైక్రో ఎస్‌డీ కార్డు. వైర్‌లెస్ కార్డులు వచ్చింది పెద్ద సైజు ఎస్‌డీలో. ఆన్‌లైన్‌లో ఎక్కడో పాత సరుకు దొరికినా కొత్త కెమెరా గూట్లో అది పట్టదు. ఇప్పుడెవరైనా ఇంటి కాపలాకు వైర్‌లెస్ కార్డు కొనమంటే ఆ సలహా వినవలసిన పని లేదు.

అడవిలో కథ వేరు. జిల్లాలోని కిన్నెరసాని వంటి అభయారణ్యాల్లో జంతువుల లెక్కకు పెట్టే కెమెరాలూ కదలికతో మేలుకొనేవే. 2018 అఖిల భారత పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల ఇటువంటి కెమెరాలు పెట్టారు. 1,21,337 చదరపు కిలోమీటర్లలో 3,48,58,623 ఫొటోలు వచ్చాయి, వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. ప్రపంచంలోనే అతి పెద్ద కెమెరా గణనగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ సిబ్బంది నడిచి వెళ్లి చిప్పులు తీసుకొస్తారు. ఫొటో పది రోజులు ఆలస్యంగా చేరినా లెక్క తప్పదు. పులికి తన ఫొటో ఎక్కడికి పోతోందన్న బెంగ లేదు, దొంగకు ఉంది. అడవి కెమెరా పద్ధతిని ఇంటికి తెచ్చి, చిప్పు కెమెరాలోనే ఉంటే చాలనుకోవడం ఈ తేడాను మరచిపోవడమే.

కదలికను పసిగట్టే తీరు కూడా మణుగూరులో ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. బ్యాటరీ కెమెరాల్లో పీఐఆర్ సెన్సర్ ఉంటుంది. మనిషి ఒంటి నుంచి వెలువడే పరారుణ వేడి, దాదాపు 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగాల్లో, సెన్సర్ ముందు అడ్డంగా కదిలినప్పుడు దానిలోని రెండు భాగాలకు తగిలే వేడిలో తేడా వస్తుంది. ఆ తేడాయే గంట కొట్టినట్టు. వెనకనున్న గోడ, నేల వేడికీ మనిషి ఒంటి వేడికీ బాగా అంతరం ఉంటేనే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే బొగ్గు పట్టణంలో మధ్యాహ్నం గోడలు మనిషి కంటే వేడిగా ఉంటాయి. చీకటి పడ్డ చాలాసేపటి వరకూ అవి దాదాపు మనిషి చర్మమంత వేడిని కక్కుతుంటాయి. ఆ వేళల్లో ఆరేడు మీటర్ల దూరాన మనిషిని పట్టవలసిన సెన్సర్ రెండు మూడు మీటర్ల దాకా వస్తేగాని లేవకపోవచ్చు. మే నెలలో సెన్సర్ చురుకుదనం పెంచి, వానలు పడగానే తగ్గించాలన్న మాట అమ్మేవారు చెప్పరు, పెట్టెలోని కాగితంలోనూ సరిగా ఉండదు. ఇంకో చిట్కా: మనిషి సెన్సర్‌కు ఎదురుగా నడిచి వచ్చేలా కాకుండా, దాని ముందు అడ్డంగా దాటేలా కెమెరాను బిగించాలి.

కరెంటుతో నడిచే కెమెరాలు చాలావరకు వేడిని చూడవు. ఒక చిత్రానికీ మరో చిత్రానికీ నడుమ మారిన చుక్కలను లెక్కిస్తాయి. వాటి బాధలు వాటివి. ఓపెన్‌కాస్ట్ గని బ్లాస్టింగ్‌కు గోడ అదిరితే చిత్రమంతా అదురుతుంది. అద్దం మీద బొగ్గు ధూళి పొరగా పేరుకుంటే రాత్రిపూట కెమెరా సొంత పరారుణ దీపాల వెలుగు ఆ ధూళికే తగిలి వెనక్కి వచ్చి, బొమ్మంతా తెల్లటి పొగలా కనిపిస్తుంది. ఆ దీపాల చుట్టూ పురుగులు, పురుగుల కోసం సాలెపురుగు, దాని గూడు కెమెరా కంటికి అడ్డంగా. ఆపైన కోతుల మూక. రాత్రికి నలభై సార్లు మోగే ఫోన్‌ను ఇంటివారు మూడో రోజుకు సైలెంట్‌లో పెడతారు, నాలుగో రోజు అసలు దొంగ వచ్చినా తెలియదు. వారానికోసారి మెత్తని గుడ్డతో అద్దం తుడవడం కొత్త కెమెరా కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

వైర్‌లెస్ కార్డు చేయబోయిన పనిని ఇప్పుడు కెమెరాయే చేస్తోంది. వైఫై కెమెరా తన చిప్పులో రాసుకుంటూనే, ఇంటి రౌటర్ ద్వారా మరో చోటికీ పంపగలదు. రెండో ప్రతి ఉండే చోటు ముఖ్యం. కంపెనీ క్లౌడ్ అయితే నెలనెలా చందా, నెట్ ఆగితే అదీ ఆగుతుంది. కొన్ని రౌటర్లకు పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో తగిలించి, కెమెరా ఫైళ్లు అందులో పడేలా చేయవచ్చు. రౌటర్‌ను ఆ డిస్కుతో సహా టీవీ పక్కన బల్ల మీద కాక, అటక మీద పాత సామాన్ల వెనక పెట్టాలి. నమ్మకమైన పొరుగింటి వైఫై అందేంత దగ్గరగా ఉంటే, ఇరువైపులా ఒప్పుకుని, ఒకరి కెమెరా ప్రతిని మరొకరి ఇంట్లో ఉంచుకోవడం ఇంకా మంచిది. వరసగా ఆనుకుని ఉండే కార్మికుల క్వార్టర్లకు అంతకంటే చవకైన భద్రత లేదు. ఫైబర్ లైను లేని పల్లెల్లో సిమ్ కార్డుతో నడిచే 4జీ కెమెరా ఒక దారి. అయితే అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ ఎక్కడుందో చూసుకుని కొనాలి. వీడియో మొత్తం పంపించలేని చోట, కదలిక పట్టినప్పుడల్లా ఒక్క ఫొటో పంపినా చాలు. రెండు ఎంబీల ఫొటో బలహీనమైన సిగ్నల్ మీద కూడా పోతుంది. ముఖం కనిపించే ఒక్క ఫొటో బయటపడితే, ఇంట్లో ఉండిపోయిన ఇరవై జీబీల వీడియో కంటే అది విలువైనది.

మీటరు దగ్గర ఫ్యూజు పీకితే రౌటర్, కెమెరా రెండూ ఒకేసారి చస్తాయి. పెద్ద ఇన్వర్టర్ అవసరం లేదు, రౌటర్‌కు పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్ని గంటలు నిలబెడుతుంది. మణుగూరు పక్కనే భద్రాద్రి థర్మల్ కేంద్రం 1,080 మెగావాట్ల సామర్థ్యంతో కరెంటు తయారుచేస్తుంది గాని, వీధిలో ఫ్యూజు పోయిన ఇంటికి అదేమీ సాయం చేయదు.

చిప్పు ఎంత పెద్దదుండాలన్నది అందరూ అడిగే ప్రశ్న. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో నిమిషానికి 15 ఎంబీలు, గంటకు 900 ఎంబీలు, రోజుకు 21.6 జీబీలు తింటుంది. ఆగకుండా రాస్తే 32 జీబీ చిప్పులో ఒకటిన్నర రోజు, 128 జీబీ చిప్పులో ఆరు రోజులు పట్టదు, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాస్తుంది. పండక్కి వారం రోజులు ఊరెళ్లి వచ్చినవారికి మొదటి రోజు జరిగిన దొంగతనం చిప్పులో మిగలదు. కదలిక ఉన్నప్పుడే రాసే పద్ధతి పెట్టుకోవడానికి అసలు కారణం ఇదే. రోజంతా చెరిపి రాసే పనికి మామూలు చిప్పులు త్వరగా అరిగిపోతాయి, ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసి ఉన్నవి తీసుకోవాలి. సంత ధరకు దొరికే 512 జీబీ చిప్పుల్లో లోపల 16 జీబీయే ఉండి, నిండాక రాసినట్టు నటించేవి ఉన్నాయి. కొన్న రోజే ఉచిత పరీక్షా సాఫ్ట్‌వేర్‌తో నింపి చూస్తే మోసం బయటపడుతుంది.

బొమ్మ బయటికి పోయే దారి ఉంటే, బయటివాడు లోపలికి వచ్చే దారీ ఉన్నట్టే. ఫ్లాష్‌ఎయిర్ కార్డుకు ఫ్యాక్టరీలో పెట్టి పంపిన పాస్‌వర్డ్ 12345678. మార్చనివారి ఫొటోలు వీధిలో ఫోన్ పట్టుకున్న ఎవరికైనా అందేవి. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఇలాగే, మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డులతో లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను లోబరుచుకుని వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. కేంద్ర ప్రభుత్వం 2024లో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది, అవి 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. అయితే అంతకుముందే గోడల మీదికెక్కిన కెమెరాలకు ఆ రక్షణ లేదు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి కొనసాగుతోందా అని ఇంటివారు ఒక్కసారి చూసుకోవాలి.

ఇక గడియారం. చవక వైఫై కెమెరాలు చాలావరకు చైనాలో తయారవుతాయి. అమర్చేటప్పుడు టైమ్‌జోన్ మార్చకపోతే కొన్ని చైనా కాలంలోనే నడుస్తాయి, అది మన కాలానికి రెండున్నర గంటలు ముందు. సెకండ్ షిఫ్ట్ దిగి రాత్రి 11 గంటలకు ఇంటికొచ్చే కార్మికుడు ఆ బొమ్మ మీద అర్ధరాత్రి 1.30కు వీధిలో తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. దొంగ 10.30కు వస్తే ఒంటిగంటకు వచ్చినట్టు ఉంటుంది, ఆ వేళకు వాడు వేరే ఊళ్లో ఉన్నట్టు సాక్షులు కూడా దొరుకుతారు. బ్యాటరీ కెమెరాల్లో సెల్స్ మార్చినప్పుడు గడియారం ఎప్పటిదో పాత సంవత్సరం జనవరి 1కి పోతుంది. సాక్ష్యంగా పనికిరావలసిన బొమ్మను ఇంత చిన్న తప్పు దెబ్బతీస్తుంది. ఫుటేజీ తీసుకునే కానిస్టేబుల్ మొదట చేయవలసింది కెమెరా గడియారాన్ని తన ఫోన్ గడియారంతో పోల్చి, తేడాను పంచనామాలో రాయడం. 

చట్టం ఈ మధ్య మారింది. 1872 సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో, మళ్లీ 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో చెప్పింది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి చూపితే ధ్రువపత్రం అక్కర్లేదనీ రెండో తీర్పు తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఆ స్థానం 63వ సెక్షన్‌ది. ధ్రువపత్రం రెండు భాగాలు, ఒకటి సాక్ష్యం ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే హాష్ విలువను అందులో రాయాలి. అదే చట్టం 57వ సెక్షన్ వివరణల్లో ఈ లేఖకు ప్రాణం వంటి మాట ఉంది: ఒక వీడియో ఒకచోట నమోదవుతూ అదే సమయంలో మరోచోటికి పంపబడితే, నిల్వ ఉన్న ప్రతి ప్రతీ ప్రాథమిక సాక్ష్యమే. అంటే కెమెరాను దొంగ ఎత్తుకుపోయినా, అటక మీది డిస్కులో పడిన ప్రతి నకలు కాదు, అసలే. వైర్‌లెస్ కార్డు రూపకర్తలు ఊహించని మేలు ఇది. 

ఇంత మేలు చేసిన చట్టాన్ని ఒక పాడు అలవాటు వమ్ము చేస్తుంది. చాలా చోట్ల దొంగతనం జరిగాక ఎవరో ఒకరు టీవీ తెర మీద నడుస్తున్న ఫుటేజీని సెల్‌ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపుతారు. గుర్తుపట్టించడానికి అది చాలు. అయితే వాట్సాప్ ఆ వీడియోను కుదించి ఫైలునే మార్చేస్తుంది, తెర మీది వెలుగు ముఖాన్ని చెరిపేస్తుంది, హాష్ విలువకు అర్థం పోతుంది. అసలు ఫైలు చిప్పులోనే ఉండి, వారంలో దాని మీద కొత్త వీడియో పడి మాయమవుతుంది. చిప్పును వెంటనే కెమెరా నుంచి తీసి, పక్కనున్న చిన్న తాళం మీట ఉంటే దాన్ని జరిపి, కవరులో పెట్టి సీలు వేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. మైక్రో ఎస్‌డీకి ఆ మీట ఉండదు, కాబట్టి మీట ఉన్న అడాప్టర్‌లో పెట్టి, మీట జరిపి చదవాలి.

కెమెరా ఇంటిని కాస్తూ పక్కింటిని కూడా చూస్తుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 డేటా రక్షణ చట్టం మనుషులు తమ ఇంటి అవసరానికి చేసే పనిని మినహాయించింది గాని, ఆ మినహాయింపు పొరుగువారి పెరటి స్నానాల గదిని చిత్రీకరించడానికి వర్తించదు. అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. అడవి అంచున ఈ విషయానికి మరో పార్శ్వం ఉంది. ఇప్పపూలకు, తునికాకుకు, కట్టెలకు వెళ్లే కోయ ఆడవాళ్లు నడిచే దారులు పల్లెల మీదుగానే పోతాయి. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో జంతువుల కోసం పెట్టిన కెమెరాల్లో తమ బొమ్మలు పడుతుండడంతో ఆడవాళ్లు అడవికి వెళ్లే తీరునే మార్చుకున్నారని 2024లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. దారిని చూసే కెమెరా ఎవరిదైనా దాని చూపు గుమ్మానికే పరిమితం చేయించడం పోలీసుల చేతిలో పని. చాలా కెమెరాల్లో పొరుగింటి వైపు భాగాన్ని నల్లగా మూసే ఏర్పాటు ఉంది.

తెలుగు నేల మీద ఈ దిశగా జరిగిన పని తక్కువేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చర్యల చట్టం జనం గుమిగూడే సంస్థలకు సీసీ కెమెరాలు తప్పనిసరి చేసి, ఫుటేజీని 30 రోజులు దాచమంది. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో కాలనీలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకున్నాయి. అన్నిటికంటే ఈ లేఖకు దగ్గరైనది ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్. ఊరెళ్లేవారు ఫోన్ యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి ఇంట్లో కదలిక కెమెరా పెడతారు. తాళం వేసిన ఇంట్లో ఏదైనా కదిలితే బొమ్మ, హెచ్చరిక నేరుగా కంట్రోల్ రూమ్‌కు పోతాయి. బొమ్మ కెమెరాలో ఉండిపోదు, అదే దాని బలం. ఐ-ఫై కార్డు ఒక ఇంట్లో చేయబోయి అరకొరగా చేసిన పనిని ఆ పథకం జిల్లాల స్థాయిలో చేసింది.

మణుగూరుకు అటువంటిది కావాలి. మేడారం జాతరకు రెండేళ్లకోసారి, భద్రాచలం శ్రీరామనవమికి ఏటా, సంక్రాంతికి సొంతూళ్లకు, సింగరేణి క్వార్టర్లకు, అశ్వాపురం భారజల కర్మాగారపు కాలనీ ఇళ్లకు వరసలు వరసలుగా తాళాలు పడతాయి. ఎవరు ఏ షిఫ్ట్‌లో ఉంటారో వీధి మొత్తానికి తెలిసిన ఊరు ఇది, దొంగకూ తెలుస్తుంది. జిల్లా పోలీసు శాఖ ఇరవై ముప్పై సిమ్ కెమెరాలతో, ఊరెళ్లేవారికి అరువిచ్చి తిరిగి తీసుకునే పద్ధతిలో, రానున్న శ్రీరామనవమికి మణుగూరు సబ్‌డివిజన్‌లో దీన్ని మొదలుపెట్టవచ్చు. సింగరేణి యాజమాన్యం క్వార్టర్ల రౌటర్లకు, నిల్వ పరికరానికి అటక మీదో మరెక్కడో తాళం పడే చిన్న గూడు కట్టించి ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు. 63వ సెక్షన్ ధ్రువపత్రం నమూనా తెలుగులో అచ్చు వేయించి ప్రతి స్టేషన్ రైటర్ దగ్గర ఉంచాలి, ఫుటేజీ తెచ్చిన ఇంటాయన దాన్ని నింపడానికి కొత్తగూడెం కోర్టు చుట్టూ తిరగనక్కరలేకుండా ఉండాలి. సీసీ కెమెరాలు పెట్టుకోమని కాలనీ సమావేశాల్లో చెప్పే ప్రతిసారీ అధికారులు ఎన్ని కెమెరాలు పెట్టారని కాక, బొమ్మ రెండో ప్రతి ఎక్కడ పడుతోందని ఇంటివారిని అడగాలని ఈ లేఖ కోరుతోంది.